పేరు అందించే మీట

వెనక పొదుపు సంఘం లెక్కలన్నీ పుస్తకాల్లోనే ఉండేవి. ఎవరి లెక్క కావాలన్నా బీరువా తెరిచి, అట్ట మీద పేరు చూసి తీసేవారు. ఇప్పుడు చాలాచోట్ల లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కాయి. అక్కడ పుస్తకం ఉండదు, ఫైలు ఉంటుంది. అట్ట ఉండదు, పేరు ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తేనే ఫైలు బయటికి వస్తుంది.

మరి పేరు మొత్తం గుర్తు లేకపోతే? సగం పేరు రాస్తే చాలు, మిగతా సగం కంప్యూటరే అందిస్తుంది. అది ఎలా అందిస్తుందో చూద్దాం.

కంప్యూటర్లో రాత పని చేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఈమాక్స్. ఇది 1976లో అమెరికాలో, ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో పుట్టింది. తర్వాత రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని కొత్తగా రాసి 1985లో బయటికి తెచ్చాడు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, వాడుకోవచ్చు. దీన్ని ఎక్కువగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడతారు. మన మండలాఫీసులో ఇది కనపడకపోవచ్చు. కానీ పేరు అందించే పద్ధతి ఇందులో తేటగా అర్థమవుతుంది.

ఒక సంఘం లెక్కలు ఇందులో రాశారనుకుందాం. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు. ఫైళ్ళకు తెలుగులోనే పేర్లు పెట్టారు. సంఘంలో లక్ష్మి ఉంది, లక్ష్మమ్మ ఉంది, లక్ష్మిదేవి ఉంది. మన ఊళ్ళలో లక్ష్ములకు కొదవా!

ఫైలు తెరవాలంటే కంట్రోల్ మీట అదిమి పట్టి ఎక్స్, ఆ తర్వాత ఎఫ్ నొక్కాలి. తెర అడుగున ఒక గీత తెరుచుకుంటుంది. ఏ ఫైలు కావాలి అని అడుగుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫైలు ఏ ఫోల్డరులో ఉందో ఆ ఫోల్డరు పేరు అప్పటికే అక్కడ రాసి ఉంటుంది. ఫోల్డరంటే ఫైళ్ళు దాచే పెట్టె. అదే పెట్టెలోది కావాలంటే ఫైలు పేరు ఒక్కటి రాస్తే చాలు.

'ల' అని రాయండి. తర్వాత ట్యాబ్ మీట నొక్కండి. అది కీబోర్డులో ఎడమ పక్కన ఉంటుంది. వెంటనే 'లక్ష్మ' అని వచ్చి ఆగిపోతుంది. ఎందుకు ఆగింది? ఆ పెట్టెలో 'ల'తో మొదలయ్యేవి మూడే పేర్లు. మూడింటిలోనూ అక్కడిదాకా ఒకటే రాత. ఆ తర్వాత దారులు వేరు. గుడి పెట్టాలా, ఇంకో 'మ' రాయాలా? ఆ సంగతి కంప్యూటరుకు తెలియదు. అది ఊహించదు. మన కోసం ఆగుతుంది.

మళ్ళీ ట్యాబ్ నొక్కితే మూడు పేర్లూ జాబితాగా తెర మీద వేస్తుంది. చదువుకుని, కావలసిన అక్షరం రాసి, మళ్ళీ ట్యాబ్ నొక్కవచ్చు. ఇంకో 'మ' రాస్తే మిగిలింది ఒక్కరే. లక్ష్మమ్మ పేరు పూర్తయిపోతుంది.

గుడి పెట్టినప్పుడే చిక్కు. 'లక్ష్మి' అనేది పూర్తి పేరే. కానీ లక్ష్మిదేవి కూడా అలాగే మొదలవుతుంది. అప్పుడు ట్యాబ్ నొక్కితే, "పేరు పూర్తయింది, కానీ ఇలాంటిది ఇంకొకటి ఉంది" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక మాట వేస్తుంది. ఆ మాట చూడకుండా ఎంటర్ మీట నొక్కితే లక్ష్మి ఫైలు తెరుచుకుంటుంది. కట్టింది లక్ష్మిదేవి అయితే, ఆమె కట్టిన వాయిదా లక్ష్మి లెక్కలో పడుతుంది. ఇద్దరికీ తగాదా. తప్పు కంప్యూటరుది కాదు. అది అడిగిన పేరే తెచ్చి ఇచ్చింది.

అందుకే ఫైలు పేరుకు ముందు ఇంటిపేరు చేర్చడం మేలు. 'మేకల-లక్ష్మి', 'గడ్డం-లక్ష్మి' అని పెడితే మొదటి అక్షరంతోనే దారులు విడిపోతాయి. ఓటర్ల జాబితాలో తండ్రి పేరో భర్త పేరో ఎందుకు వేస్తారో ఆలోచిస్తే ఇదీ అర్థమవుతుంది.

ఈ జాబితాలో ఒక్కోసారి వింత పేరు కనపడుతుంది. 'లక్ష్మి' పక్కన పాము మెలికలాంటి గుర్తు ఉంటుంది. అది పాత ప్రతి. ఫైలును దిద్ది భద్రం చేసినప్పుడు, దిద్దకముందు ఉన్నదాన్ని ఈమాక్స్ ఆ గుర్తుతో దాచిపెడుతుంది. పేరు పూర్తి చేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోదు. జాబితా వేసినప్పుడు మాత్రం చూపుతుంది.

ఇక అందరినీ భయపెట్టే సంగతి ఒకటుంది. లక్ష్మి ఫైలు కోసం 'లక్ష్మీ' అని రాశారనుకోండి. గుడి బదులు గుడిదీర్ఘం పడింది. మన నోటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు అవి వేరు వేరు పేర్లు. ట్యాబ్ నొక్కితే అలాంటి పేరు లేదని చెబుతుంది. వెంటనే ఎంటర్ నొక్కితే నిజమేనా అని ఇంకోసారి అడుగుతుంది. కానీ అసలు ట్యాబ్ నొక్కకుండా, పేరంతా సొంతంగా రాసి ఎంటర్ నొక్కితే ఏమీ అడగదు. తెల్లని ఖాళీ పేజీ తెరిచి పెడుతుంది.

రెండేళ్ళ లెక్కలు ఏమైపోయాయి? గుండె ఝల్లుమంటుంది. లెక్కలు ఎక్కడికీ పోలేదు. లక్ష్మి ఫైలు దాని చోట అది ఉంది. 'లక్ష్మీ' అనే ఫైలు లేదు గనక, కొత్తది కావాలేమో అనుకుని ఈమాక్స్ ఖాళీ కాగితం ఇచ్చింది. అడుగున కొత్త ఫైలు అనే మాట కూడా వేస్తుంది. కంగారులో దాన్ని ఎవరూ చదవరు.

అలాంటప్పుడు ఆ ఖాళీ పేజీలో లెక్కలు మళ్ళీ మొదటినుంచి రాయకూడదు. రాసి భద్రం చేస్తే ఒక్క మనిషికి రెండు ఫైళ్ళవుతాయి. ఏది అసలుదో తేల్చడం కష్టం. ఏమీ రాయకుండా వదిలేస్తే ఆ ఖాళీ ఫైలు పెట్టెలోకి చేరదు. కంట్రోల్ పట్టి ఎక్స్, ఎఫ్ నొక్కి, ఈసారి 'ల' ఒక్కటే రాసి రెండుసార్లు ట్యాబ్ నొక్కితే ఉన్న పేర్లన్నీ వరసగా కనపడతాయి. లక్ష్మి అందులోనే ఉంటుంది, గుడితో.