కొట్టు మీది... ప్రచారం షారుక్‌ది!

దీపావళికి ముందు ఫోన్లో ఓ ప్రకటన. పండక్కి బట్టలు ఫలానా దుకాణంలో కొనండి, చెప్పులు ఫలానా చోట, సరుకులు ఫలానా కొట్టులో... అంటూ షారుక్‌ ఖాన్‌ ఊరిస్తుంటాడు. ఆ పేర్లు ఏ పెద్ద మాల్‌లోవో కావు, చూస్తున్నవారి ఇంటి చుట్టుపక్కల దుకాణాలవే! మరో పేటలో అదే ప్రకటన చూసినవారికి వేరే పేర్లు వినిపించాయి.

2021 దీపావళికి క్యాడ్‌బరీ సెలబ్రేషన్స్‌ చేసిన ప్రయోగమిది. కరోనా దెబ్బకు చిన్న వ్యాపారులు కుదేలైన రోజులవి. గిరాకీ అంతా ఆన్‌లైన్‌కి పోతుంటే, కోట్లు తీసుకునే హీరోతో ప్రచారం చేయించుకునే స్తోమత కిరాణా కొట్టుకి ఎక్కడుంటుంది? పనిలోపనిగా చాక్లెట్లూ అమ్ముడుపోతాయనుకోండి, అది వేరే సంగతి.

మరి అన్ని వేల పేర్లూ షారుక్‌ కూర్చుని చదివాడా? లేదు. ఆయనతో ప్రకటన తీసింది ఒకసారే. ఆయన ముఖాన్నీ గొంతునీ కంప్యూటర్‌కి నేర్పారు. ఏ పేరు ఇస్తే ఆ పేరు ఆయన గొంతుతోనే పలుకుతుంది, దానికి తగ్గట్టే పెదవులూ కదులుతాయి. చూసేవారి పిన్‌కోడ్‌ని బట్టి దగ్గర్లోని దుకాణాల పేర్లు అందులో వచ్చి చేరతాయి. జాబితాలో లేని వ్యాపారులు కూడా తమ కొట్టు పేరు ఇచ్చి, సొంత ప్రకటన తయారుచేసుకుని వాట్సాప్‌లో పంపుకొనే వీలు కల్పించారు. ఆలోచన ఒగిల్వీ సంస్థది, సాంకేతికత బెంగళూరుకి చెందిన రీఫ్రేజ్‌ డాట్‌ ఏఐది. 2022లో కేన్స్‌ లయన్స్‌ ఉత్సవంలో దీనికి టైటానియం లయన్‌ దక్కింది. 2023లో రీఫ్రేజ్‌ని ఫొటోషాప్‌ తయారీదారు అడోబ్‌ కొనేసింది.

ఇదంతా షారుక్‌ ఒప్పుకున్నాడు కాబట్టి జరిగింది. ఒప్పుకోకపోతే? అసలు అడగనే అడగకపోతే?

2023 నవంబరులో రష్మిక ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించారు. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. 2024 జనవరిలో సచిన్‌ తెందుల్కర్‌ ఓ గేమింగ్‌ యాప్‌ని మెచ్చుకుంటున్న వీడియో వచ్చింది. అది నకిలీదంటూ ఆయనే బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది. కిరాణా కొట్టు పేరు పలికించే కిటుకుకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఉన్న తేడా అంతా అనుమతి దగ్గరే!

అందుకే తారలు కోర్టు మెట్లెక్కుతున్నారు. 2023లో అనిల్‌ కపూర్‌ దిల్లీ హైకోర్టుకి వెళ్లి పేరు, గొంతు, రూపంతోపాటు తన ఊతపదం ‘ఝకాస్‌’కి కూడా రక్షణ తెచ్చుకున్నాడు. 2025లో నాగార్జున దిల్లీ హైకోర్టుని, చిరంజీవి హైదరాబాద్‌ సిటీ సివిల్‌ కోర్టుని ఆశ్రయించి ఉత్తర్వులు పొందారు.

తారలకైతే లాయర్లున్నారు. మామూలు కుటుంబాల మాటేమిటి? పెళ్లి వీడియోలు, పుట్టినరోజు కబుర్లు నెట్‌లో పెట్టని ఇల్లు అరుదైపోయింది. గొంతు నేర్చుకోవడానికి ఇప్పటి సాఫ్ట్‌వేర్లకి కొద్దిపాటి రికార్డింగ్‌ చాలు. ‘నాన్నా, యాక్సిడెంట్‌ అయింది, అర్జంటుగా డబ్బు పంపు’ అని అచ్చం కొడుకు గొంతుతోనే ఫోన్‌ రావచ్చు. అలాంటప్పుడు కంగారుపడకుండా పెట్టేసి, అబ్బాయి అసలు నంబరుకి మనమే ఫోన్‌ చేయాలి. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ఓ గుర్తు మాట ముందే అనుకుని ఉంచుకుంటే ఇంకా మేలు. అప్పటికే డబ్బు పంపేసి ఉంటే సైబర్‌ నేరాల సహాయ నంబరు 1930కి ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము ఖాతా దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.