ఇంగ్లిష్ క్లాసులో పిల్లల మాటకు చోటెంత?

టీచర్ బోర్డుపై వ్యాసం రాస్తారు. పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు. మార్కులు వస్తాయి. అదే విషయంపై ఎవరైనా ఇంగ్లిష్‌లో చిన్న ప్రశ్న అడిగితే మాత్రం నోరు పెగలదు. టెక్కలి, పలాస మధ్య ఉన్న నందిగాంలోనైనా, మరెక్కడైనా తల్లిదండ్రులకు ఇది తెలిసిన సంగతే. దీనికి మందుగా నిపుణులు చెప్పే మాట ‘అభ్యాసకుల స్వయంప్రతిపత్తి’.

అంటే ఏమిటి?

తన చదువు బాధ్యతను తాను తీసుకోగలగడం. 1981లో హెన్రీ హోలెక్ ఇచ్చిన ఈ నిర్వచనాన్నే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. టీచర్ అక్కర్లేదని దీని అర్థం కాదు. ఏం చదవాలి, ఎక్కడ తప్పు చేశాను అన్నది విద్యార్థి కూడా ఆలోచించాలి.

టీచర్లు ఏమంటున్నారు?

ఒమన్‌లోని సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయంలో 61 మంది ఇంగ్లిష్ టీచర్లపై జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. ఇది మంచిదేనని ఎక్కువ మంది ఒప్పుకున్నారు. తమ క్లాసులో సాధ్యమా అంటే మాత్రం అంత ధీమా చూపలేదు. ముందే ఖరారైన సిలబస్, టీచర్‌పైనే ఆధారపడే అలవాటు అడ్డంకులని చెప్పారు. మన బడుల్లో వీటికి పదో తరగతి పరీక్షల ఒత్తిడి తోడవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం–2009లోని 29వ సెక్షన్ ప్రకారం చదువు కృత్యాలు, అన్వేషణ ద్వారా సాగాలి. పిల్లలు భయం లేకుండా అభిప్రాయాలు చెప్పగలగాలి.

ఇక్కడ ఎందుకు ముఖ్యం?

ఇంట్లో, వీధిలో ఇంగ్లిష్ వినపడని పిల్లలకు బడే ఆధారం. పదో తరగతి మార్కులతో ఎచ్చెర్ల ట్రిపుల్‌ఐటీలో సీటు వస్తే, అక్కడ పాఠాలు ఇంగ్లిష్‌లోనే. బోర్డుపై జవాబు రాసిచ్చేవారు ఉండరు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సిలబస్ మార్చనక్కర్లేదు. రెండు మూడు అంశాలిచ్చి, నచ్చిన దానిపై రాయమనవచ్చు. జీడితోట గురించి తెలిసిన పిల్లవాడు దాని మీదే నాలుగు సొంత వాక్యాలు రాస్తాడు. తప్పులుంటాయి, అయినా ఆ వాక్యాలు తనవి. జంటగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు చూసుకోవచ్చు.

తల్లిదండ్రులు ఏం చేయవచ్చు?

చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. ఆ సమావేశంలో ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అనే ప్రశ్నతో పాటు ‘మా పిల్ల సొంతంగా రాసిన పేజీ చూపిస్తారా?’ అని కూడా అడగండి.