ఇల్లు కట్టించే ముందు కాగితం
నాందేడ్‌లో మన తెలుగు మేస్త్రీకే ఇల్లు అప్పగించినా "మంచి సామాను వేస్తాను" అన్న మాట చాలదు. అర్థం తేలని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షను చెబుతోంది. ఏ నూనెో చెప్పకుండా "వంద టన్నుల నూనె" అని రాసుకోవడం అందులోని ఉదాహరణే.

సిమెంటు, ఇనుము ఏ రకమో, గోడ మందమెంతో రాయించండి. స్లాబు కాంక్రీటు ఎం-20కి తగ్గకూడదనీ, మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు తడపాలనీ 2000 నాటి ఐ.ఎస్. 456 నియమం. నీళ్లు ఎవరు పెట్టాలో కూడా రాయండి.

ఇక్కడ లెక్కంతా బ్రాసుల్లో. ఇసుకకు బ్రాసంటే 100 ఘనపుటడుగులు, గిలాబుకు 100 చదరపుటడుగులు. పునాది, స్లాబు, గిలాబు ముగిసిన కొద్దీ డబ్బివ్వండి.

మనవాడే కదా అని మొహమాటపడితే డబ్బుతోపాటు చుట్టరికమూ పోతుంది.