నమూనా ఎంపిక

ఒక పెద్ద సముదాయం గురించి తెలుసుకోవడానికి అందులో కొంత భాగాన్ని మాత్రమే ఎన్నుకొని పరిశీలించే విధానాన్ని నమూనా ఎంపిక లేదా ప్రతిచయనం అంటారు. నమూనా పరిమాణం కంటే దానిని ఎన్నుకున్న తీరు ముఖ్యమైనది.

చారిత్రక ఉదాహరణ

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపగా, 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటి ఆధారంగా లాండన్ గెలుస్తాడని పత్రిక అంచనా వేసింది. కాని 48 రాష్ట్రాలలో 46 రాష్ట్రాలను రూజ్వెల్ట్ గెలుచుకున్నాడు. చిరునామాలను ఎక్కువగా టెలిఫోను, కారు యజమానుల జాబితాల నుండి తీసుకొనడం వలన పేదలకు తగిన ప్రాతినిధ్యం లభించలేదు. జవాబివ్వనివారి అభిప్రాయం కూడా లెక్కలోకి రాలేదు.

ముఖ్య పద్ధతులు

* సాధారణ యాదృచ్ఛిక పద్ధతి: సముదాయంలోని అందరి జాబితా ఉన్నపుడు లాటరీ ద్వారా ఎన్నుకుంటారు. అందరికీ సమాన అవకాశం ఉంటుంది.
* స్తరీకృత పద్ధతి: సముదాయంలో భిన్న వర్గాలున్నపుడు ప్రతి వర్గం నుండి విడివిడిగా ఎన్నుకుంటారు.
* బహుళ దశల పద్ధతి: పూర్తి జాబితా లేనపుడు ముందు గ్రామాలను, తరువాత వాటిలోని కుటుంబాలను ఎన్నుకుంటారు. మహలనోబిస్ మార్గదర్శకత్వంలో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఈ పద్ధతిని అనుసరించింది. దీనివలన ఖర్చు తగ్గుతుంది. అయితే ఒకే ఊరి కుటుంబాల మధ్య పోలికలు ఎక్కువైతే కచ్చితత్వం తగ్గుతుంది.
* సౌలభ్య పద్ధతి: అందుబాటులో ఉన్నవారినే తీసుకుంటారు. ఇది ప్రాథమిక పరిశీలనకు ఉపయోగపడుతుంది. దీని ఫలితాలను సముదాయమంతటికీ వర్తింపజేయరాదు.

కనుక పరిశోధకుడు ముందుగా తన జాబితాలో ఎవరు లేరో పరిశీలించుకోవాలి.