బహుళ ఫైళ్ల సమ్మేళనంలో దోషమూల నిర్ధారణ: పవర్ క్వెరీ ఆధారంగా ఒక వివరణ

కీలకపదాలు: దత్తాంశం, పవర్ క్వెరీ, దోషమూలం, నమూనా ఫైలు, తేదీ రూపం

1. ప్రవేశిక

వేర్వేరు వ్యక్తులు వేర్వేరు కాలాల్లో నింపిన ఎక్సెల్ ఫైళ్లను ఒకే పట్టికగా కూర్చవలసిన అవసరం పరిశోధకులకు తరచుగా కలుగుతుంది. ఈ పనికి ఉపకరించే పవర్ క్వెరీ ఎక్సెల్ 2010, 2013లలో విడిగా చేర్చుకోవలసిన అనుబంధంగా ఉండి, 2016 నుండి అందులో అంతర్భాగమైంది. ఫోల్డరును చూపితే చాలు, అందులోని ఫైళ్లన్నింటినీ ఇది కలుపుతుంది. అయితే నలభై ఫైళ్లలో ఒక్కటి చెడినా ఫలితం చెడుతుంది. దోషం ఏమిటో సందేశం చెబుతుంది గాని, అది ఏ ఫైలుదో చాలాసార్లు చెప్పదు.

2. గడిలోని దోషం, ప్రక్రియను ఆపే దోషం

ఒక జిల్లా మండలాల నెలవారీ వర్షపాత ఫైళ్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. వర్షపాతం నిలువు వరుసను సంఖ్యారూపంలోకి మార్చినప్పుడు, ఎవరైనా అందులో ‘లేదు’ అని రాసి ఉంటే ఆ గడిలో మాత్రమే ‘ఎర్రర్’ కనిపిస్తుంది. ఇది సులభసాధ్యం. మూల క్వెరీకి ‘రిఫరెన్స్’ తీసుకొని, నిలువు వరుసలన్నింటినీ ఎంచుకొని ‘కీప్ ఎర్రర్స్’ ప్రయోగిస్తే దోషమున్న అడ్డువరుసలే మిగులుతాయి. వాటి పక్కన ‘సోర్స్.నేమ్’ గడిలో ఫైలు పేరు ఉంటుంది. నిరుపయోగమని భావించి చాలామంది తొలి దశలోనే తొలగించేది ఈ నిలువు వరుసనే.

రెండవ రకం దోషం ప్రక్రియనంతటినీ ఆపివేస్తుంది. పవర్ క్వెరీ ఒక ఫైలును, సాధారణంగా మొదటిదాన్ని, నమూనాగా గ్రహించి దాని నిర్మాణాన్నే తక్కినవాటికి వర్తింపజేస్తుంది. నమూనాలో షీటు పేరు ‘షీట్1’ అయి, మరొక ఫైలులో అది ‘జూలై’ అయితే, కీ పట్టికలోని ఏ వరుసతోనూ సరిపోలలేదన్న సందేశం వస్తుంది. అప్పుడు చివరి అంచెను చూసి ప్రయోజనం లేదు. ‘ఇన్వోక్ కస్టమ్ ఫంక్షన్’ అంచెకు వెనుదిరగాలి. అక్కడ ఇంకా ఫైలుకొక వరుసే ఉంటుంది. ‘ట్రాన్స్‌ఫార్మ్ ఫైల్’ గడిలో ‘టేబుల్’కు బదులు ‘ఎర్రర్’ ఉన్న వరుసే దోషమూలం.

3. తేదీల సమస్య

దోషం కనబడిన వరుసలను ‘రిమూవ్ ఎర్రర్స్’తో తొలగించి ముందుకు సాగడం సాధారణంగా జరిగే పని. తేదీల విషయంలో ఇది ప్రమాదకరం. ఒక ఫైలులో తేదీలు రోజు/నెల/సంవత్సరం క్రమంలో పాఠ్యంగా ఉన్నాయనీ, క్వెరీ అమెరికా ఆంగ్ల లొకేల్‌తో నడుస్తోందనీ అనుకుందాం. 13/07 మొదలుకొని 31/07 వరకు గల తేదీలు దోషాలవుతాయి, ఎందుకంటే పదమూడవ నెల లేదు. కాని 05/07 దోషం కాదు. అది నిశ్శబ్దంగా మే 7 అవుతుంది. దోషాలను తొలగిస్తే 19 రోజుల సరైన సమాచారం పోతుంది. మిగిలిన 12 రోజులలో 07/07 ఒక్కటి తప్ప అన్నీ తప్పు నెలల్లో చేరతాయి. అందువల్ల దోషమున్న వరుసను గాక, అది వచ్చిన ఫైలునంతటినీ పరిశీలించాలి. ‘యూజింగ్ లొకేల్’ ద్వారా ఆ నిలువు వరుసకు భారతీయ ఆంగ్లాన్ని నిర్దేశిస్తే చిక్కు తీరుతుంది, ఫైళ్లన్నీ అదే క్రమాన్ని పాటించినప్పుడు మాత్రమే. కొన్ని మాత్రమే భిన్నమైతే వాటిని వేరుగా మార్చి ఆపై కలపవలసిందే.

4. సందేశమే లేని లోపం

ఒక ఫైలులో శీర్షిక ‘వర్షపాతం’ తరువాత అదనపు ఖాళీ ఉన్నా, పవర్ క్వెరీ దానిని వేరే నిలువు వరుసగానే పరిగణిస్తుంది. రకం మార్చే అంచె నమూనాలో ఉంటే ప్రక్రియ ఆగవచ్చు. లేకుంటే ఆ ఫైలు విలువలన్నీ ‘నల్’గా మారి, ఏ సందేశమూ రాదు. ఇక్కడ ‘కీప్ ఎర్రర్స్’ పనిచేయదు. ‘నల్’ వరుసలను మాత్రమే వడగట్టి, ‘గ్రూప్ బై’తో సోర్స్.నేమ్ ప్రకారం లెక్కించాలి. ఏ ఫైలుకు ‘నల్’ల సంఖ్య దాని మొత్తం వరుసల సంఖ్యతో సమానమో, ఆ ఫైలు శీర్షికలను తెరిచి చూడాలి.