డాక్టరుగారి నాడి ఎవరు చూస్తారు?

మా సంఘంలో ఒక డాక్టరుగారున్నారు. పేరు చెప్పము, చెబితే ఇకమీదట ఆయన మా బి.పి. చూడరు. ఒక సాయంత్రం మాకు చూడడం అయిపోయాక, "మరి మీదెంత ఉందండీ?" అని ఊరకే అడిగాము. "నాకేముంటుంది అయ్యగారూ!" అని నవ్వారు. లోపలి గదిలో నుంచి ఆయన భార్య, "రాత్రుళ్లు తలనొప్పంటూ ఏదో మాత్ర తనే వేసుకుంటారండీ. ఎవరికైనా చూపించుకోమంటే వినరు" అన్నారు. ఆయన బి.పి. చూసి ఎనిమిదేళ్లయిందని అప్పుడు తెలిసింది.

వైద్యుడు తన్ను తాను బాగుచేసుకోవాలనే సామెత పాతది. లూకా సువార్త 4వ అధ్యాయంలో ప్రభువు కూడా దానిని ప్రస్తావించారు. వచ్చిన చిక్కల్లా మన డాక్టర్లు ఆ సామెతను అక్షరాలా పాటించడమే! బీరువాలో శాంపిలు మందులుంటాయి. వరండాలో ఎదురుపడిన స్నేహితుణ్ణి నిలబెట్టి ఒక మాట అడిగితే వైద్యం అయిపోయినట్లే. జబ్బనేది బల్లకు అవతల కూర్చున్నవారికి వచ్చేదని లోలోపల ఒక నమ్మకం. పైగా తమకు జబ్బుందని తెలిస్తే రోగులు ఏమనుకుంటారోనన్న బెరుకు.

నిర్లక్ష్యం ఒక వైపైతే, భయం రెండో వైపు. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసి తిరిగి పనికి వచ్చేలా చేశారు. ఈ వ్యాధికి భయపడనక్కర లేదని, మందులున్నాయని అందరికీ చెప్పిన మనిషి. 1950ల తొలి సంవత్సరాల్లో ఆయన అమెరికా నుంచి ఓడలో ఇంగ్లండు చేరి, రైలులో లండనుకు వెళ్లారు. ఆ రాత్రి మేజోడు తీస్తుంటే మడమకు స్పర్శ తెలియలేదు. సూదితో గుచ్చుకున్నారు. నొప్పి లేదు! ఇంకేముంది, తనకు కుష్ఠు సోకిందనే అనుకున్నారు. భార్యాపిల్లలకు దూరంగా ఉండవలసిన బ్రతుకును తలచుకుంటూ రాత్రంతా జాగారం చేశారు. తెల్లవారి మళ్లీ సూది గుచ్చుకుంటే కెవ్వుమన్నారు. రైలులో చాలాసేపు ముడుచుకొని కూర్చున్నందువల్ల నరం మొద్దుబారింది, అంతే. అదే మడమతో ఎవరైనా రోగి వచ్చి ఉంటే ఆయన కంగారుపడేవారా? ఆ సంగతిని తర్వాత ఆయనే దాచకుండా రాశారు. మాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

అయితే లెక్క తమదైనప్పుడు డాక్టర్లూ వింటారు. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు బ్రిటను డాక్టర్లందరికీ ఉత్తరాలు రాసి, పొగ త్రాగుతారా అని అడిగారు. జవాబిచ్చిన పురుష వైద్యులు 34,439 మంది. వారిలో ఎవరు ఏ జబ్బుతో చనిపోతున్నారో ఏళ్ల తరబడి లెక్కపెట్టారు. 1954లో తొలి ఫలితాలు వచ్చాయి. పోతున్నది తోటి డాక్టర్లని చూశాక చాలామంది సిగరెట్టు మానేశారు. 2004లో ఏభై ఏళ్ల లెక్క తేలింది: మానకుండా త్రాగినవారు సగటున పదేళ్లు ముందుగా పోయారు.

వైద్యులు చేసే జెనీవా ప్రమాణంలో తమ ఆరోగ్యం సంగతి తాము చూసుకుంటామనే వాక్యం చేరింది 2017లో. ఆ ప్రమాణం మొదట వచ్చింది 1948లో. ఇంతకాలం ఎవరికీ తట్టలేదు కాబోలు!

మా డాక్టరుగారిని పట్నంలో ఇంకొక డాక్టరు దగ్గరకు మేమే వెంటబెట్టుకొని వెళ్లాము. టోకెను మేము పట్టుకొని కూర్చున్నాము. పేరు పిలవగానే ఆయన లోపలికెళ్లి తన జబ్బేమిటో, దానికి ఏ మందు వాడాలో తానే చెప్పడం మొదలుపెట్టారు. ఆ డాక్టరమ్మ వయసులో చిన్నదే. "ముందు చొక్కా చెయ్యి పైకి మడవండి సార్" అన్నది. 170/110. ఈయన మిషను తప్పన్నారు. ఆమె పట్టీ విప్పి రెండో చేతికి కట్టింది. అదే అంకె.

తిరుగు బస్సులో చాలాసేపు మాటలేదు. సగం దారిలో మావైపు తిరిగి, "అయ్యగారూ, మీ మాత్ర ఈవేళ వేసుకున్నారా?" అన్నారు. నాలుగు రోజులుగా మేమూ వేసుకోలేదు.