షుగరు బిళ్ళ కాన్సరుకు పనిచేస్తుందా?

"డాక్టరుగారూ, మా వారు వాడే షుగరు బిళ్ళలే నేనూ మింగితే రొమ్ము కాన్సరు మళ్ళీ రాదటగా?" అని ఆ మధ్య ఒక ఇల్లాలు అడిగింది. ఆవిడకు షుగరు లేదు. ఆపరేషనయ్యాక పెద్దాస్పత్రిలో రాసిచ్చిన టామాక్సిఫెన్ మానేసి అప్పటికి ఇరవై రోజులట!

ఆవిడకు చెప్పినవారు గాలిలోంచి పుట్టించి చెప్పలేదు. ఒక జబ్బుకని వచ్చిన మందు మరో జబ్బుకు అక్కరకు రావడం వైద్యంలో ఉన్నదే. థాలిడోమైడ్ సంగతి చూడండి. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికొచ్చింది. వేవిళ్ళు తగ్గుతాయని గర్భిణులకూ ఇచ్చారు. కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు వేలమంది పుట్టారు. 1961 నవంబరులో అక్కడ దాని అమ్మకం ఆపేశారు.

అంత పాపిష్టి మందును మళ్ళీ ఎవరు ముడతారు అనుకుంటాం. ముట్టారు. 1960ల మధ్యలో జెరూసలేంలో షెస్కిన్ అనే వైద్యుడు కుష్ఠురోగులకు వచ్చే ఒక రకం రియాక్షను దీనితో తగ్గుతుందని గమనించాడు. 1994లో అమెరికాలో డీ అమాటో, ఆయన సహచరులు ఇది కొత్త రక్తనాళాలు మొలవకుండా అడ్డుకుంటుందని చూపారు. కాన్సరు పెరగాలన్నా నెత్తురు అందాలి కదా! ఎముకల మూలుగలో పుట్టే మైలోమా అనే కాన్సరు ఇతర చికిత్సలకు లొంగని 84 మందికి దీన్ని ఇచ్చి చూస్తే, సుమారు మూడోవంతు మందిలో గుణం కనిపించిందని 1999లో ప్రకటించారు. 2006లో డెక్సామెథసోన్‌తో కలిపి మైలోమాకు వాడేందుకు అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

మరి షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్? ప్రయోగశాలలో అదీ ఆశ పుట్టించింది. రొమ్ము కాన్సరు వచ్చి, షుగరు లేని 3600 మందికి పైగా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మెట్‌ఫార్మిన్, రెండోదానికి మందులేని ఉత్తుత్తి బిళ్ళ ఐదేళ్ళపాటు ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి. కాన్సరు తిరగబెట్టకుండా మెట్‌ఫార్మిన్ అదనంగా కాపాడినట్లు తేలలేదు. టామాక్సిఫెన్ అలా కాదు, హార్మోనుతో పెరిగే రొమ్ము కాన్సరులో దాని మేలు ఏనాడో రుజువైంది. ఆవిడ చేత ఆ రాత్రి నుంచే మళ్ళీ మొదలుపెట్టించాను. షుగరు ఉన్నవారు మాత్రం ఇది చదివి మెట్‌ఫార్మిన్ మానేరు సుమా!

మీ ఇంట్లో ఎవరైనా మైలోమాకు థాలిడోమైడ్ వాడుతుంటే ఆ క్యాప్సూల్స్ తాళంలో ఉంచండి. గర్భిణి ఒక్కటి మింగినా బిడ్డకు ప్రమాదమే. వాడేది మగవారైతే నిరోధ్ తప్పనిసరి. పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.